అవ్వకి ఎనభయ్యొక్క గంటలు

4, వాగు వరస, మార్‌కూంబ్
1925 జనవరి 19

ఎస్టేటు ఆఫీసు వారికి,

ఓలివ్ యెల్లండ్ నమస్కరించి రాస్తున్నది.

మా అవ్వ కెజియా యెల్లండ్ చనిపోయిందనీ, అందువల్ల ఆమె పేరున ఉన్న నాలుగో నంబరు ఇల్లు మార్చి 25లోగా ఖాళీ చేసి తాళంచెవి అప్పగించాలనీ మీరు పంపిన కాగితం శనివారం అందింది. అవ్వ చనిపోలేదు. అందుకే ఈ ఉత్తరం వెంటనే రాయాల్సి వచ్చింది. ఈ మాట రాస్తుండగా ఆమె నా ఎదుటే కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి ప్రయత్నించాను. పోయిన బుధవారం నేను రెండు మైళ్ల అవతల పైఊరి బడిలో పిల్లలకి పాఠం చెబుతున్నాను. (మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకే ఇంట్లో ఉత్తరాలన్నీ నేనే రాస్తాను.) ఆ ఉదయం చర్చి గంట మోగిందని సాయంత్రం వచ్చాక విన్నాను. గంట కొట్టే జాబెజ్ తాత మా వరసలోనే చివరింట్లో ఉంటాడు. వెళ్లి అడిగాను. "చలికి తాడు బిగుసుకుపోయిందమ్మా, కాస్త సాగదీశాను" అన్నాడు. ఆ రోజు మా కిటికీలకి తెరలు దించి ఉన్నమాట నిజమే. చావు జరిగిన ఇంటికే తెరలు దించుతారని నాకూ తెలుసు. ఎందుకు దించావని అవ్వని అడిగితే, "ఎండకి గోడమీద పటం వెలిసిపోతుందే" అంది.

దయచేసి మీ కాగితం వెనక్కి తీసుకోండి. ఈ ఇల్లు తప్ప మాకు వేరే చోటు లేదు.

విధేయురాలు,
ఓలివ్ యెల్లండ్

తా.క. ఎండ గురించి ఒక మాట. క్రిస్మస్ నుంచి ఇప్పటిదాకా మా ఊళ్లో ఎండ రాలేదు. ఇది నాకూ అర్థం కాలేదు గానీ, ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా అని రాశాను.


ఎస్టేటు ఆఫీసు, మార్‌కూంబ్
1925 జనవరి 23

మిస్ యెల్లండ్ గారికి,

మీ దుఃఖంలో ఎస్టేటు పాలుపంచుకుంటోంది. పెంచిన మనిషి పోయినప్పుడు ఆ మనిషి ఇంకా ఎదుటే కూర్చున్నట్టు అనిపించడం సహజం. బంగాళాదుంపల సంగతి మేనేజరు గారికి కూడా చదివి వినిపించాము.

అయితే వాస్తవాలు ఇవి. 14వ తేదీ ఉదయం మేనేజరు గారు గడ్డం గీసుకుంటూ గంటని స్వయంగా లెక్కపెట్టారు. మొదట రెండేసి చొప్పున మూడుసార్లు మోగింది. అంటే పోయింది ఆడమనిషి. మగవాడైతే మూడేసి కొడతారు. తర్వాత ఏడాదికొకటి చొప్పున ఎనభయ్యొకటి. ఊళ్లో ఎనభయ్యొక్క ఏళ్ల ఆడమనిషి ఒక్కరే ఉన్నారు. తాడు సాగదీయడానికి సరిగ్గా ఎనభయ్యేడు దెబ్బలు పడతాయంటే ఆఫీసు నమ్మలేదు. ఆ తర్వాత గుర్రం మీద వాగు వరస మీదుగా వెళుతూ మీ కిటికీ తెరలు కూడా చూశారు. ఆ మధ్యాహ్నమే ఇళ్ల రిజిస్టరులో ఆమె పేరు మీద ఎర్రసిరాతో గీత పడింది.

రూలు మీకు తెలిసిందే. ఇల్లు పనివాడిది, అతని తర్వాత భార్యది, ఆమె తర్వాత ఎవరిదీ కాదు.

బుధవారం నాడు ఎస్టేటు వడ్రంగి శవపేటిక తెచ్చి ఇస్తాడు.

భవదీయుడు,
ఆంబ్రోస్ టకెట్, గుమాస్తా
(మేనేజరు గారి తరఫున)

తా.క. పేటిక ఎస్టేటు కానుక. మనిషికి ఒక్కటే ఇస్తాము. కొలతలో తేడా ఉంటే వాడకముందే తెలియజేయాలి.


4, వాగు వరస
1925 జనవరి 29

టకెట్ గారికి,

నమస్కారాలు. పేటిక అందింది. అందిన తీరు కూడా రాయక తప్పదు.

మా వీధి తలుపు పెళ్లికూతురు రావడానికీ శవం పోవడానికీ తప్ప తెరవరని మీకు తెలుసు. తేమకి ఉబ్బిపోయిన ఆ తలుపుని అవ్వ లోపలినుంచి కాలితో తన్ని తెరిచిందట. ఎదురుగా వడ్రంగి.

"ఎవరికయ్యా ఇది?"

"కెజియా యెల్లండ్‌కండీ."

"నేనే."

ఆయన టోపీ తీశాడట. బతికున్నావిడకి తీయాలో, పోయినావిడకి తీయాలో తోచక మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి చేతిలో పట్టుకున్నాడట. "అందినట్టు సంతకం ఎవరు పెడతారండీ?" అన్నాడు.

"చచ్చినదాన్ని నేను పెడితే ఏం బాగుంటుంది బాబూ? మా పిల్ల బడినుంచి వచ్చాక పెడుతుంది. ముందు లోపలికి తీసుకురా, వానకి తడుస్తోంది. మంచి చెక్క."

నేను వచ్చేసరికి పేటిక వంటింటి గోడవారగా ఉంది. దాన్నిండా ఆపిల్ పళ్లు. అటకమీద ఎలుకలు కొరికేస్తున్నాయట. ఇందులో అయితే మూత గట్టిగా పడుతుందట. "కొలత చూశావా అవ్వా?" అన్నాను, మీరు రాయమన్నారు కాబట్టి. "భుజాల దగ్గర ఇరుకే. ఈ దగ్గు ఇలాగే ఉంటే అప్పటికి సరిపోతాలే" అంది. నాకు నవ్వు రాలేదు. దగ్గు ఎక్కువగానే ఉంది.

ఈ ఉత్తరం కింద ఆమె తన చేత్తో శిలువ గుర్తు పెట్టింది. చనిపోయినవాళ్లు ఏ గుర్తూ పెట్టలేరని మనవి. అనుమానముంటే మేనేజరు గారు వచ్చి చూడవచ్చు. ఆమె రోజంతా ఇంట్లోనే ఉంటుంది.

విధేయురాలు,
ఓలివ్ యెల్లండ్
✕

తా.క. అవ్వ రాయమన్న మాట: "పోయాక పెట్టె ఇచ్చినందుకు కృతజ్ఞతలు. బతికుండగా కప్పుకి నాలుగు పెంకులడిగితే ఆరేళ్లయింది, ఇంకా రాలేదు. పోయినవాళ్లకి త్వరగా పంపుతారంటే ఇప్పుడు పంపించండి."


ఎస్టేటు ఆఫీసు
1925 ఫిబ్రవరి 4

మిస్ యెల్లండ్ గారికి,

శిలువ గుర్తు ఎవరైనా పెట్టవచ్చు కాబట్టి చెల్లదు. చనిపోయినవారు పెట్టలేరన్న మీ వాదన సరైనదే. కానీ అది పెట్టింది ఆమే అని ముందు తేలాలి.

పాస్టరు గారిని అడిగాము. ఆయన ఈ ఊరికొచ్చి నాలుగు నెలలే అయింది. టోపీలు పెట్టుకున్న ముసలమ్మలందరూ తనకి ఒకేలా కనిపిస్తారనీ, ప్రమాణం చేసి చెప్పలేననీ రాసిచ్చారు.

మేనేజరు గారు వచ్చి చూడవచ్చని మీరన్నారు. ఆయన వచ్చి చూస్తే, ఆమె బతికే ఉంటే, ఆయన లెక్క తప్పినట్టు అవుతుంది. కాబట్టి రారు.

ఒక్క మార్గం ఉంది. ఆమె 1863లో కోడలిగా వాగు వరసకి వచ్చినట్టు రిజిస్టరులో ఉంది. అప్పటినుంచి ఆ వరసలో ఎవరెవరు ఉన్నారో, ఎలా వెళ్లిపోయారో ఆమె చెప్పగా రాసి పంపండి. రిజిస్టరు ఇక్కడ బీరువాలో తాళం వేసి ఉంది కాబట్టి, ఆ వరసలో బతికినవారు తప్ప మరొకరు చెప్పలేరు.

ఇంకొక మాట. ఇకనుంచి ఆఫీసు చీటీ లేనిదే చావుగంట తాడు ఎవరూ ముట్టుకోకూడదని మేనేజరు గారి ఆజ్ఞ. జాబెజ్‌కి చెప్పగలరు.

భవదీయుడు,
ఆంబ్రోస్ టకెట్

తా.క. పెంకులు బతికున్నవారి ఖాతాలోకే వస్తాయి. ఇది తేలాక అడగండి.


4, వాగు వరస
1925 ఫిబ్రవరి 11

టకెట్ గారికి,

నమస్కారాలు. మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. మధ్యమధ్య దగ్గు వచ్చినప్పుడు ఆగాము. "పొయ్యిలో కట్టె వెయ్యవే, చెబుతా" అంటూ చెప్పింది. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఒకటో ఇల్లు సైలస్‌ది. అడవి కాపలా. కుందేళ్లు దొంగిలించేవాళ్లని పట్టేవాడు. ఓసారి పట్టుకున్నాడు, లాంతరెత్తి చూస్తే సొంత తమ్ముడు. పట్టిచ్చాడు. ఎస్టేటు దొరగారు మెచ్చుకుని కొత్త కోటిచ్చారు. ఆ కోటు వాడు ఒక్కనాడూ వేసుకోలేదు. మేకుకి వేలాడుతూనే చిమ్మటలు తినేశాయి. కోటు ఎక్కడుందని ఆఫీసువాళ్లు అడిగితే 'తమ్ముడికిచ్చా' అన్నాడు. తమ్ముడు అప్పటికే జైల్లో పోయాడు.

"రెండో ఇంట్లో అక్కాచెల్లెళ్లు, బంగళా బట్టలు ఉతికేవాళ్లు. నలభై ఏళ్లు దొరల దుప్పట్లు ఉతికి, తాము మాత్రం గోనెమీద పడుకున్నారు. చెల్లెలు పోతే అక్క ఒక చిరిగిన దుప్పటి చుట్టి పంపింది. దుప్పట్లు లెక్కపెడితే ఒకటి తక్కువొచ్చిందని వారానికి ఆఫీసు మనిషి వచ్చాడు. 'తవ్వుకుని తీసుకో నాయనా, ఇస్త్రీ చేసే ఉంది' అంది అక్క.

"మూడో ఇల్లు చెట్లు కొట్టే థామస్‌ది. చెట్టే మీద పడింది. రూలు ప్రకారం ఇల్లు పెళ్లానికి రావాలి గానీ, పొలం పనిలో ఆమె పేరు లేదని వంక పెట్టారు. మార్చి ఇరవై అయిదున వానలో బయటికి పంపేశారు. తోపుడుబండి మీద సామాను, సామాను మీద గోడగడియారం. లోలకం ఊగితే విరుగుతుందని తీసి ఆరేళ్ల కూతురి చేతికిచ్చారు. ఆ పిల్ల దాన్ని బొమ్మలాగా గుండెలకి హత్తుకుని బండివెనక నడిచింది. నేను వంతెన దాకా వెళ్లా. 'ఏడవకు అవ్వా' అందా పిల్ల నాతో. నాకప్పుడు ఇరవయ్యెనిమిదేళ్లు.

"అయిదో ఇంటి బండివాడు మార్క్ తలుపుకి నీలంరంగేశాడు. ఎస్టేటు తలుపులన్నీ ఆకుపచ్చవే కదా. పెళ్లానికి నీలమంటే ఇష్టమట. వారంలో ఇద్దరూ ఊళ్లో లేరు. తలుపుకి ఆకుపచ్చ వేశారు గానీ, గోటితో గీకి చూడు, కింద నీలమే."

టకెట్ గారూ, నేను గీకి చూశాను. నీలమే.

ఆరో ఇంటి గురించి అడిగితే, "ఆ ఇంటికి చెమ్మ తప్ప ఎవరూ నిలవలేదు" అంది. ఏడోది జాబెజ్ తాతది. ఆయన ఇంకా ఉన్నాడు. "వాడిప్పుడే పోకూడదు, నాకు పనుంది" అంది. ఏం పనో చెప్పలేదు.

మా నాలుగో ఇంటి గురించి నేనే రాస్తాను. తాత కంచెలు కట్టేవాడు. నన్ను కని మా అమ్మ పోయింది. మా నాన్న యుద్ధానికి వెళ్లి రాలేదు. ఆయన ఫ్రాన్సులోనే మట్టయ్యాడు కాబట్టి ఆయనకి మన ఊళ్లో గంట కొట్టలేదు.

ఇంతమంది పేర్లు ఎలా గుర్తున్నాయని అడిగాను. "వాళ్ల పుస్తకంలో అందరి పేర్లమీదా ఎర్రగీతలుంటాయి. నాకు చదువు రాదు కదే. అందుకే నా దగ్గర ఎవరిమీదా గీత లేదు" అంది.

విధేయురాలు,
ఓలివ్ యెల్లండ్

తా.క. ఫిబ్రవరి 2తో అవ్వకి ఎనభై రెండేళ్లు నిండాయి. చనిపోయినవారికి వయసు పెరగదు. ఇది కూడా సాక్ష్యంగా తీసుకోగలరు.


ఎస్టేటు ఆఫీసు
1925 మార్చి 9

మిస్ యెల్లండ్ గారికి,

జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. మీరు పంపినది రిజిస్టరుతో పోల్చాము. పేర్లన్నీ సరిపోయాయి. దుప్పటి సంగతి కూడా ఉంది, "తిరిగి రాలేదు" అని.

కాబట్టి శ్రీమతి కెజియా యెల్లండ్ జీవించే ఉన్నారని ఆఫీసు అభిప్రాయపడింది. కానీ ఎర్రగీత కొట్టివేయాలంటే దొరగారి సంతకం కావాలి. ఆయన ఫ్రాన్సు సముద్రతీరంలో ఉన్నారు; ఇలాంటి వాటితో ఇబ్బంది పెట్టవద్దన్నారు. మరోవైపు, ఫిబ్రవరి నెలాఖరుకి రిజిస్టరు ఆయనకి పంపాలి. మనుషులున్న ఇంటిని ఖాళీ అని రాయకూడదు. గడి ఖాళీగా వదలకూడదు. ఆ గడిలో తాత్కాలికంగా, ఎవరికి మనం ఉత్తరాలు రాస్తున్నామో వారి పేరే రాయమని మేనేజరు గారు చెప్పారు. అలా నాలుగో నంబరు ఇంటికి మీ పేరు రాశాము. దొరగారు ప్రతి పేజీ కిందా సంతకం చేసి తిప్పి పంపారు; శనివారం అందింది. ఆయన సంతకం పడిన పేజీని ఇక మేనేజరు గారు కూడా మార్చలేరు.

దీనివల్ల కొత్త చిక్కు వచ్చింది. ఇప్పుడు ఆ ఇల్లు మీది. మీ ఇంట్లో రిజిస్టరులో లేని ముసలావిడ ఒకరు ఉంటున్నారు. తొమ్మిదో రూలు ప్రకారం అనుమతి లేకుండా బయటివారిని ఇంట్లో పెట్టుకోకూడదు. కాబట్టి ఆ బయటి మనిషిని మార్చి 25లోగా పంపించివేయవలసిందిగా మేనేజరు గారి ఆజ్ఞ.

భవదీయుడు,
ఆంబ్రోస్ టకెట్

తా.క. ఇది నా సొంత మాట. లోలకం పట్టుకుని బండి వెనక నడిచిన పిల్ల మా అమ్మ. ఆ గడియారం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. రోజుకి పావుగంట వెనకబడుతుంది. మా ఊరేదని ఎన్నిసార్లు అడిగినా అమ్మ చెప్పకుండానే పోయింది. మీ అవ్వ చెబితే ఇప్పుడు తెలిసింది. ఇంకొకటి. మీ పేరు పెన్సిలుతో రాయమన్నారు మేనేజరు గారు. నాకు పెన్సిలు దొరకలేదు.


4, వాగు వరస
1925 మార్చి 18

టకెట్ గారికి,

ఓలివ్ నమస్కరించి రాస్తున్నది. ఇది ఇప్పుడే రాయాలి. శనివారం దాటితే ఇక రాసినా ఉపయోగం లేదు.

తొమ్మిదో రూలు ప్రకారం మీరు పంపించివేయమన్న బయటి మనిషి నిన్న మధ్యాహ్నం ఇల్లు ఖాళీ చేసింది. మీరిచ్చిన గడువుకి ఇంకా ఎనిమిది రోజులుంది. బడి మానేసి పక్కనే కూర్చుని కునుకు తీస్తున్న నన్ను టీ పెట్టమని లేపింది. నీళ్లు మరిగేలోపు వెళ్లిపోయింది. మీ తా.క. పోయిన వారమే చదివి వినిపించాను. పెన్సిలు దగ్గర నవ్వి, నవ్వు దగ్గయి, చాలాసేపు ఆగలేదు. "ఆ గడియారం వెనకబడటం కాదు, ఆ పిల్ల మెల్లగా నడిచింది, దానికి అదే అలవాటైంది" అంది.

కిటికీ తెరలు నేను దించాను. ఈసారి నిజంగా.

జాబెజ్ తాత వచ్చి పేటికలో ఆపిల్ పళ్లు తీయడానికి సాయం పట్టాడు. సగం తీశాక మెట్టుమీద కూర్చుండిపోయాడు.

"నీకో సంగతి చెప్పాలమ్మా. తను పోయేదాకా నోరు విప్పొద్దంది."

"చెప్పు తాతా."

"జనవరిలో తాడు సాగదీయలేదు. మీ అవ్వే కొట్టమంది."

"ఎందుకు?"

"'నేను పోయాక ఆ పిల్ల ఒక్కతే ఆఫీసుతో పోట్లాడాలి జాబెజ్. నేనుండగానే ఓసారి పోయానంటే, పక్కన కూర్చుని ఏం రాయాలో చెప్పొచ్చు' అంది. నేను కుదరదన్నా. 'మేనేజరు మా పిల్లని ఎలాగూ గెంటుతాడు, ఆ గెంటుడేదో నేను చూస్తుండగానే గెంటనీ' అంది. తెరలు దించుకుని కూర్చుని, నేను కొట్టినవన్నీ లెక్కపెట్టింది. సాయంత్రం వచ్చి, 'ఎనభయ్యొకటీ సరిపోయాయి, కాకపోతే యాభై దగ్గర తొందరపడ్డావ్' అంది."

టకెట్ గారూ, నేను మీకు రెండు నెలలుగా రాసిన ప్రతి అక్షరం నిజమనుకునే రాశాను. ఇప్పుడు నిజం ఇది. అవ్వ చేసిన పని పాడు కాకూడదని ఉంది. అబద్ధం దాచకూడదనీ ఉంది. ఇంత చదువుకున్నా రెండూ కుదిరే దారి నాకు తోచలేదు. ఈ ఉత్తరం మేనేజరు గారికి చూపించాలో వద్దో మీ ఇష్టం. చూపించాక ఇల్లు పొమ్మంటే పోతాను. తోపుడుబండి జాబెజ్ తాత దగ్గర ఉంది.

నేను అడిగేది వేరే. చావుగంట కొట్టాలంటే మీ చీటీ కావాలి. అవ్వకి మళ్లీ మొదటినుంచి కొట్టమని అడగను. తన గంట తాను విన్నది, లెక్క చూసుకుంది. కానీ అప్పటికి ఎనభయ్యొకటే. ఫిబ్రవరి 2తో ఎనభై రెండు నిండాయి. ఒకటి తక్కువ పడింది. ఆ ఒక్కటి కొట్టడానికి అనుమతి ఇవ్వండి. ఒక్క దెబ్బ విని ఎవరు పోయారో, ఆడో మగో, వయసెంతో మేనేజరు గారు కూడా లెక్కపెట్టలేరు. తాడు సాగదీశాడనుకుంటారని జాబెజ్ తాత అంటున్నాడు.

విధేయురాలు,
ఓలివ్ యెల్లండ్

తా.క. పేటిక కొలత సరిపోయింది. భుజాల దగ్గర కూడా. ఆపిల్ వాసన మాత్రం ఎంత తుడిచినా పోలేదు, వదిలేశాను. శనివారం రెండు గంటలకి తీసుకువెళుతున్నాం. శుక్రవారం, మార్చి 20 మధ్యాహ్నంలోగా జవాబు రాయండి. చీటీ పెన్సిలుతో రాసినా చాలు.